గురక మధ్యలో ఊపిరి ఆగుతోందా?

"నాన్నగారు ఎంత హాయిగా నిద్రపోతున్నారో! గురక వీధి చివరిదాకా వినిపిస్తోంది" అని మన ఇళ్ళలో నవ్వుకోవడం మామూలే. గురక గాఢనిద్రకు గుర్తు అనుకోవడం మనకు తాతలనాటి అలవాటు. కుంభకర్ణుడి నిద్రను గురించి హరికథలో విని నవ్వని వాళ్ళుండరు. కానీ పెద్దగా గురక పెట్టేవాళ్ళలో కొందరు నిజానికి హాయిగా నిద్రపోవడం లేదు. రాత్రంతా ఊపిరి కోసం పెనుగులాడుతున్నారు. ఆ సంగతి వాళ్ళకు తెలియదు. పక్కన పడుకున్న వాళ్ళకు మాత్రమే తెలుస్తుంది.

నాకు ఈ పాఠం సరిగ్గా నేర్పింది వైద్య కళాశాల కాదు, ఒక లారీ డ్రైవరు భార్య.

ఆయనకు నలభై ఆరేళ్ళు. గుంటూరు నుంచి మద్రాసుకు మిరప టిక్కీలు తోలే లారీ ఆయనది. మా ఆస్పత్రికి రక్తపోటు కోసం వచ్చేవాడు. మొదట ఒక మాత్ర రాశాను. తగ్గలేదు. రెండోది కలిపాను. ఆ తర్వాత మూడోది. అయినా వచ్చినప్పుడల్లా 170కి 110 చూపించేది. "ఉప్పు తగ్గించావా? మందులు మానేస్తున్నావా?" అని నేను కసురుకునేవాణ్ణి. ఆయన బెంచీ మీద కూర్చునే కునుకు తీస్తుంటే "రాత్రి డ్యూటీ కదా" అనుకునేవాణ్ణి. ఇలా రెండేళ్ళు గడిచాయి.

ఒకసారి ఆయనతో భార్య కూడా వచ్చింది. చీటీ రాసి ఇచ్చాక వెళ్ళకుండా నిలబడింది. "అయ్యా, మందుల సంగతి సరేనండీ. ఈయన రాత్రిళ్ళు గురక పెడతా పెడతా ఊపిరి బిగబట్టేస్తాడండీ. నేను తట్టి లేపకపోతే ఏమైపోద్దోనని నాకు నిద్రే వుండదు. మొన్న ఒంగోలు దాటాక బండి రోడ్డు దిగిపోయిందంట. క్లీనరు కుర్రోడు చక్రం తిప్పాడు గాబట్టి బతికారు" అన్నది.

నా కలం ఆగిపోయింది. రెండేళ్ళలో నేను ఆయన్ను ఒక్కసారి కూడా "రాత్రి నిద్ర ఎలా పడుతోంది?" అని అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న అడిగివుంటే ఆ లారీ రోడ్డు దిగేది కాదేమో. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

ఇది ఏమి జబ్బు?

ఇంగ్లీషులో దీన్ని 'స్లీప్ ఆప్నియా' అంటారు. నిద్రలో శ్వాస ఆగిపోవడం అని అర్థం. మన ముక్కు వెనకనుంచి స్వరపేటిక దాకా వుండే దారి కండరాలతో చేసిన మెత్తని గొట్టం. మెలకువగా వున్నప్పుడు ఈ కండరాలు బిగువుగా వుండి దారిని తెరిచి వుంచుతాయి. నిద్రపట్టగానే వదులవుతాయి. దారి కాస్త ఇరుకైతే, పోయే గాలికి అంగిలి, కొండనాలుక అదురుతాయి. అదే గురక. దారి పూర్తిగా మూసుకుపోతే గాలి లోపలికి పోదు. అదే ఆప్నియా.

కూల్ డ్రింకు తాగేటప్పుడు కాగితపు గొట్టం తడిసి మెత్తబడితే ఏమవుతుందో చూసేవుంటారు. ఎంత గట్టిగా పీలిస్తే అంత గట్టిగా అతుక్కుపోతుంది. గొంతులో జరిగేది కూడా అదే. ఛాతీ, పొట్ట ఎగిసెగిసి పడుతుంటాయి. గాలి మాత్రం కదలదు. పది క్షణాలు, ఇరవై క్షణాలు, ఒక్కోసారి నిమిషం దాకా ఇలా గడుస్తుంది. రక్తంలో ప్రాణవాయువు తగ్గుతుంది. అప్పుడు మెదడు ఉలిక్కిపడి మనిషిని సగం మేల్కొలుపుతుంది. పెద్ద శబ్దంతో ఊపిరి అందుతుంది. మళ్ళీ నిద్ర, మళ్ళీ గురక, మళ్ళీ మూసివేత.

జబ్బు ముదిరిన వాళ్ళలో ఇది గంటకు ముప్పైసార్లకు పైగా జరుగుతుంది. అంటే రెండేసి నిమిషాలకు ఒకసారి ఎవరో వచ్చి భుజం తట్టి లేపుతున్నట్లే. ఎనిమిది గంటలు మంచం మీద పడుకున్నా, తెల్లవారాక వొళ్ళు బరువుగా, తల దిమ్ముగా వుండడంలో వింతేముంది?

ఇంగ్లీషు నవలాకారుడు డికెన్స్ 1836-37లో రాసిన 'పిక్విక్ పేపర్స్'లో జో అనే లావుపాటి కుర్రాడున్నాడు. తలుపు కొడుతూ నిలబడే నిద్రపోతుంటాడు. 1956లో అమెరికన్ వైద్యులు ఇలాంటి రోగికి ఆ పుస్తకం పేరే పెట్టారు. 1976లో 'అడ్డు వల్ల కలిగే నిద్రా శ్వాసావరోధం' అనే పేరు స్థిరపడింది. 1981లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో కోలిన్ సల్లివన్ అనే వైద్యుడు గాలి ఒత్తిడితో గొంతును తెరిచి వుంచే పద్ధతిని లోకానికి తెలియజేశాడు. ఇవాళ్టి యంత్రాలన్నీ దాని సంతానమే.

2022 ఫిబ్రవరిలో సంగీత దర్శకుడు బప్పీ లాహిరి మరణించినప్పుడు, ఆయనకు చికిత్స చేసిన వైద్యులు ఈ జబ్బు పేరు చెప్పారు. 'సింహాసనం', 'గ్యాంగ్ లీడర్' పాటల ద్వారా తెలుగువారికి ఆయన సుపరిచితుడే. ఆ వార్త చదివిన తర్వాతే చాలా ఇళ్ళలో గురక గురించి మొదటిసారి నవ్వకుండా మాట్లాడుకున్నారు.

ఎవరికి వస్తుంది?

లావుగా వున్నవారికి ఎక్కువ. ముఖ్యంగా మెడ చుట్టూ కొవ్వు చేరినవారికి. అయితే "నేను సన్నగానే వున్నాను, నాకెందుకు వస్తుంది?" అనుకోకండి. కింది దవడ చిన్నదిగా, వెనక్కి వున్నవారికి, నాలుక మొదలు లావుగా వున్నవారికి కూడా వస్తుంది. ముక్కు దూలం వంకర, వాచిన టాన్సిల్స్, థైరాయిడ్ లోపం దీనికి తోడ్పడతాయి.

మగవారిలో ఎక్కువన్నది నిజమే. కానీ ముట్లుడిగిన తర్వాత ఆడవారిలో కూడా బాగా పెరుగుతుంది. వాళ్ళ విషయంలో చిక్కేమంటే, గురక పెడతామని చెప్పుకోవడానికి సిగ్గుపడతారు. "పొద్దున్నే తలనొప్పి, నీరసం, విసుగు, నిద్ర సరిగా పట్టదు" అని చెబుతారు. మనం నరాల బలహీనత అని టానిక్కు రాసి పంపేస్తాం.

ఇంట్లో మీరే చూసుకోగల పరీక్ష

టొరంటోకు చెందిన వైద్యులు 2008లో ప్రకటించిన ఎనిమిది ప్రశ్నల పరీక్ష ఒకటుంది. కాగితం, దర్జీ టేపు వుంటే చాలు. అవునన్న దానికల్లా ఒక మార్కు వేసుకోండి.

1. తలుపు వేసినా వినిపించేంత గట్టిగా గురక పెడతారా?
2. పగలు అలసట, కునికిపాట్లు వుంటాయా?
3. నిద్రలో మీ ఊపిరి ఆగడం, ఉక్కిరిబిక్కిరి కావడం ఎవరైనా చూశారా?
4. రక్తపోటు వుందా, లేక దానికి మందులు వాడుతున్నారా?
5. మీరు బాగా స్థూలకాయులా? (కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే 35కు పైన రావాలి.)
6. వయసు యాభై దాటిందా?
7. మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లకు, అంటే సుమారు పదహారు అంగుళాలకు మించిందా?
8. మీరు మగవారా?

మొత్తం రెండు లోపు వుంటే అంత భయం లేదు. మూడు, నాలుగు వుంటే వైద్యుణ్ణి కలవండి. అయిదు, ఆపైన వుంటే జాప్యం చేయకండి. మా లారీ డ్రైవరుకు అయిదు వచ్చాయి. అందులో రెండు మార్కులు ఆయన భార్య చెప్పినవే. అందుకని ఈ ప్రశ్నలకు జవాబులు చెప్పవలసింది మీరొక్కరే కాదు, మీ పక్కన నిద్రపోయేవారు కూడా.

వీటితోబాటు రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేవడం, పొద్దున లేవగానే నోరెండిపోవడం, తలనొప్పి, మతిమరుపు, చిరాకు, మూడు మాత్రలకు లొంగని రక్తపోటు... ఇవన్నీ ఈ జబ్బు ఆనవాళ్ళే. దీన్ని పట్టించుకోకుండా వదిలేసినవారిలో పక్షవాతం, గుండె లయ తప్పడం, మధుమేహం ఎక్కువగా కనిపిస్తాయి. వీటన్నిటికన్నా ముందు ప్రాణం తీసేది స్టీరింగు ముందు కునుకు. కాబట్టి వాహనం నడిపేవారు పరీక్ష, చికిత్స పూర్తయ్యేదాకా రాత్రి ప్రయాణాలు మానుకోవాలి. "పొట్ట గడవాలి కదండీ" అంటారు. నిజమే. కానీ ఆ బండిలో మీరొక్కరే వుండరు, ఆ రోడ్డు మీద మీ బండి ఒక్కటే వుండదు.

పరీక్ష ఎక్కడ, ఎలా?

ముందుగా ఛాతీ వైద్యుణ్ణి గానీ, చెవి-ముక్కు-గొంతు వైద్యుణ్ణి గానీ కలవండి. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో చాలావాటిలో ఈ విభాగాలున్నాయి. హైదరాబాదులో ఎర్రగడ్డ ఛాతీ ఆస్పత్రి, కోఠీలోని ఇ.ఎన్.టి. ఆస్పత్రి, పంజాగుట్టలోని నిమ్స్, విశాఖలో ప్రభుత్వ ఛాతీ ఆస్పత్రి, కింగ్ జార్జి ఆస్పత్రి, గుంటూరు, కర్నూలు జనరల్ ఆస్పత్రులు, వరంగల్ ఎం.జి.ఎం.; తిరుపతి రుయా - మీకు ఏది దగ్గరైతే అక్కడ మొదలుపెట్టండి. నిద్ర పరీక్ష అక్కడే వుందో, మరోచోటికి వెళ్ళాలో వాళ్ళే చెబుతారు.

పరీక్ష రెండు రకాలు. ఒకటి, ఆస్పత్రిలో ఒక రాత్రి పడుకోవాలి. తలకు, ఛాతీకి, కాళ్ళకు తీగలు అతికించి నిద్ర, శ్వాస, గుండె అన్నీ రాసుకుంటారు. నొప్పి వుండదు, సూదులు వుండవు. రెండోది ఇంట్లోనే చేసేది. ముక్కు దగ్గర సన్నని గొట్టం, ఛాతీకి పొట్టకు పట్టీలు, వేలికి క్లిప్పు పెట్టి పంపుతారు. మామూలు రోగులకు ఇది సరిపోతుంది. గుండెజబ్బు, ఊపిరితిత్తుల జబ్బు, పక్షవాతం వున్నవారికి ఆస్పత్రి పరీక్షే మేలు.

రిపోర్టులో మీరు చూడవలసింది ఒకే అంకె. గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగింది లేదా బాగా తగ్గింది అన్నది. అయిదు లోపు సహజం. అయిదు నుంచి పదిహేను దాకా స్వల్పం. పదిహేను నుంచి ముప్పై దాకా మధ్యస్థం. ముప్పై దాటితే తీవ్రం. దీంతోబాటు ప్రాణవాయువు ఎంతదాకా పడిపోయిందో కూడా రాస్తారు. మా డ్రైవరుకు ఆ అంకె నలభై ఎనిమిది.

చికిత్స యంత్రం ఒక్కటే కాదు

బరువు తగ్గించడం మొదటి మెట్టు. నూరు కిలోల మనిషి పది కిలోలు తగ్గితే ఊపిరి ఆగడాలు సుమారు నాలుగో వంతు తగ్గుతాయని లెక్క తేలింది. పడుకునే ముందు మద్యం మానాలి. అది గొంతు కండరాలను మరింత వదులు చేస్తుంది. నిద్రమాత్రలు మీ అంతట మీరు వేసుకోకూడదు. నిద్ర పట్టడంలేదని ఈ రోగి నిద్రమాత్ర మింగడం, తలుపుకు బయటినుంచి గొళ్ళెం పెట్టుకోవడంలాంటిది. వెల్లకిలా పడుకున్నప్పుడే జబ్బు ఎక్కువయ్యేవారు కొందరుంటారు. వారు పక్కకు తిరిగి పడుకోవడం అలవాటు చేసుకుంటే మేలు. వీపు వెనక గట్టి దిండు పెట్టుకోండి.

స్వల్ప, మధ్యస్థ జబ్బుకు దంతవైద్యులు కింది దవడను కాస్త ముందుకు నిలిపే అచ్చు తయారు చేస్తారు. టాన్సిల్స్ పెద్దవైతే, ముక్కులో అడ్డుంటే ఆపరేషన్ ఉపయోగిస్తుంది. అందరికీ కాదు. 2024 డిసెంబరులో టిర్జెపటైడ్ అనే సూదిమందును స్థూలకాయంతోబాటు మధ్యస్థ, తీవ్ర ఆప్నియా వున్నవారికి వాడవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతించింది. ఖరీదైన మందు, వైద్యుడి పర్యవేక్షణలోనే తీసుకోవలసిన మందు.

మధ్యస్థ, తీవ్ర జబ్బుకు ప్రధాన చికిత్స మాత్రం 'సీపాప్' యంత్రమే. టిఫిన్ డబ్బా అంత పెట్టె, ఒక గొట్టం, ముఖానికి ఒక మాస్కు. గదిలోని గాలినే కొద్దిపాటి ఒత్తిడితో పంపుతుంది. సైకిలు ట్యూబులో గాలి వుంటే అణిగిపోనట్లే, ఆ ఒత్తిడికి గొంతు మూసుకుపోదు. పగటి మగతను తగ్గించడంలో దీనికి సాటి లేదు. రక్తపోటును కూడా కొంత దించుతుంది. అయితే ఇది కళ్ళజోడులాంటిది. పెట్టుకున్నంతసేపే పనిచేస్తుంది.

యంత్రం కొనేముందు

నాకు వచ్చే ఉత్తరాల్లో సగం ఈ ప్రశ్నే: "డాక్టరు గారూ, సీపాప్ రాశారు. ఎక్కడ కొనాలి? ఎవర్ని నమ్మాలి?" పెద్ద ఆస్పత్రులున్న ప్రతి వూళ్ళోనూ వాటి చుట్టుపక్కల సర్జికల్ షాపులుంటాయి. హైదరాబాదులో కోఠీ, విజయవాడలో సూర్యారావుపేట, గుంటూరులో కొత్తపేట, విశాఖలో కింగ్ జార్జి ఆస్పత్రి పక్కనున్న మహారాణిపేట ఇందుకు చూడదగినవి. చిన్న వూళ్ళవారు జిల్లా కేంద్రంలోని మందుల షాపులో వాకబు చేస్తే, సరఫరా చేసేవారి వివరాలు దొరుకుతాయి. మీ వైద్యుడి చీటీ మీద ఒకే దుకాణం పేరున్నా, మరో రెండుచోట్ల ధర అడిగే హక్కు మీకుంది. దుకాణంలో అడుగుపెట్టే ముందు ఈ విషయాలు గుర్తుంచుకోండి.

ఒకటి: పరీక్ష ముందు, యంత్రం తర్వాత. "పరీక్ష ఉచితం, యంత్రం మా దగ్గరే కొనాలి" అనేవారుంటారు. పరీక్ష ఎవరు చేసినా సరే, రిపోర్టును ఈ జబ్బు తెలిసిన వైద్యుడు చూసి సంతకం చేయాలి. చీటీలో యంత్రం రకం, ఒత్తిడి ఎంత వుండాలి, మాస్కు ఏది అన్నవి స్పష్టంగా వుండాలి.

రెండు: ఏ రకం? ఒకే ఒత్తిడితో పనిచేసేది మామూలు సీపాప్. అవసరాన్నిబట్టి ఒత్తిడి మార్చుకునేది ఆటో సీపాప్. లోపలికి పీల్చేటప్పుడు ఎక్కువ, వదిలేటప్పుడు తక్కువ ఒత్తిడి ఇచ్చేది బైపాప్. బైపాప్ ఖరీదు ఎక్కువ. కొందరికి అది తప్పనిసరి. అందరికీ కాదు. వైద్యుడు సీపాప్ రాస్తే, దుకాణదారు "బైపాప్ ఇంకా మంచిదండీ" అన్నాడని మార్చుకోకండి. ఆటో సీపాప్ సుమారు ముప్పై, నలభై వేల రూపాయల నుంచి పైకి వుంటుంది. అన్నిటికన్నా ఖరీదైనదే కొననక్కరలేదు.

మూడు: ఆక్సిజన్ యంత్రం వేరు. 2021లో కరోనా రెండో తాకిడి సమయంలో ఆక్సిజన్ కాన్సెంట్రేటర్లు కొన్న ఇళ్ళు చాలా వున్నాయి. "ఇంట్లో ఒకటి వుంది కదా, అది పెట్టుకోవచ్చా?" అని అడుగుతున్నారు. కూడదు. అది ప్రాణవాయువును ఇస్తుందే గానీ, మూసుకున్న దారిని తెరవదు. తలుపు మూసివుంటే వాకిట్లో ఎన్ని పాలబిందెలు పెట్టి ఏం లాభం?

నాలుగు: ముందు అద్దెకు తీసుకోండి. నెలకు ఇంత అని అద్దెకిచ్చే దుకాణాలున్నాయి. రెండు మూడు వారాలు వాడి చూశాక కొనండి. మాస్కు మాత్రం కొత్తదే తీసుకోండి. అద్దె మొత్తాన్ని తర్వాత ధరలో తగ్గిస్తారేమో ముందే అడిగి రాయించుకోండి.

అయిదు: మాస్కే ప్రాణం. యంత్రం మూలన పడడానికి కారణం చాలావరకు మాస్కు సరిపోకపోవడమే. ముక్కుకు మాత్రమే పెట్టుకునేది, ముక్కు రంధ్రాల దగ్గర ఆనేది, ముక్కు నోరు రెండూ కప్పేది అని మూడు రకాలు. కూర్చుని కాదు, పడుకుని, యంత్రం ఆడుతుండగా పెట్టి చూసుకోవాలి. పక్కకు తిరిగి కూడా చూడాలి. ఇందుకు అరగంట సమయం ఇవ్వని దుకాణంలో కొనకండి. మీసం, గడ్డం వున్నవారికి, కట్టుడు పళ్ళు తీసి పడుకునేవారికి సైజు మారుతుంది. అందుకే మాస్కును చూడకుండా పోస్టులో తెప్పించుకోవడం మంచిది కాదు.

ఆరు: కాగితాలు. దుకాణానికి వైద్య పరికరాలు అమ్మడానికి ఔషధ నియంత్రణ శాఖ ఇచ్చే ఎం.డి.-42 రిజిస్ట్రేషన్ గానీ, మందుల లైసెన్సు గానీ వుండాలి. బిల్లు మీద యంత్రం సీరియల్ నంబరు, గ్యారంటీ కాలం రాయించుకోండి. బిల్లు లేకుండా వెయ్యి రూపాయలు తగ్గిస్తామంటే ఆశపడకండి. చెడిపోయిన రోజున ఆ వెయ్యి మీకు తోడురాదు.

ఏడు: చెడిపోతే ఎవరొస్తారు? ఇదే అసలు ప్రశ్న. బాగుచేసేవాడు మీ వూళ్ళోనే వున్నాడా, హైదరాబాదు పంపాలా? పంపితే అన్ని రోజులూ మరో యంత్రం ఇస్తారా? మాస్కు మెత్తలు, గొట్టం, ఫిల్టరు నిలవ వున్నాయా? వాటి ధరలెంత? యంత్రం ఒకసారే కొంటారు, ఇవి మళ్ళీ మళ్ళీ కొనాలి. దూరాన వెయ్యి తక్కువకు కొనేకన్నా, దగ్గర్లో పలికే మనిషి దగ్గర కొనడం మేలు.

ఎనిమిది: పాత యంత్రాలు. చనిపోయిన బంధువుల యంత్రం ఇంట్లో వుందని తగిలించుకునేవారున్నారు. ఆ ఒత్తిడి వారికోసం పెట్టింది, మీకోసం కాదు. పైగా 2021 జూన్‌లో ఫిలిప్స్ కంపెనీ తన యంత్రాలను లక్షల సంఖ్యలో వెనక్కు పిలిచింది. లోపల శబ్దం తగ్గించడానికి పెట్టిన నురగ పొడిపొడిగా రాలి, ఊపిరిలోకి పోయే ప్రమాదముందని. అలాంటి పాత సరుకు చేతులు మారి వస్తుంటుంది. సీరియల్ నంబరు సరిచూడకుండా పాత యంత్రం ముట్టుకోకండి.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు, పింఛనుదారులు సి.జి.హెచ్.ఎస్.లో ముందస్తు అనుమతితో ఈ యంత్రానికి నిర్ణీత పరిమితి మేరకు డబ్బు పొందవచ్చు. నిద్ర పరీక్ష రిపోర్టు, నిపుణుడి సిఫార్సు జతచేయాలి. మిగిలినవారు తమ కార్యాలయంలో, బీమా కంపెనీలో కొనడానికి ముందే అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి.

ఇంటికి తెచ్చాక

మొదటి వారం కష్టంగా వుంటుంది. అది అందరికీ వుండేదే. పగలు టీవీ చూస్తూ అరగంట పెట్టుకుని అలవాటు చేసుకోండి. రాత్రికి కనీసం నాలుగు గంటలు, వారానికి అయిదారు రోజులు వాడితేగానీ గుణం కనిపించదు. వాడిన గంటలు యంత్రమే లెక్కగడుతుంది. ఆ లెక్క నెల తర్వాత వైద్యుడికి చూపించండి.

మాస్కు మెత్తను రోజూ సబ్బునీళ్ళతో కడగండి. గొట్టాన్ని వారానికొకసారి కడిగి నీడన ఆరబెట్టండి. మన ఊళ్ళ దుమ్ముకు ఫిల్టరు త్వరగా నల్లబడుతుంది. నెలకొకసారి చూసి మార్చండి. తేమ డబ్బాలో డిస్టిల్డ్ వాటర్ పోయాలి. ఇన్వర్టరు బ్యాటరీకి పోసే నీళ్ళు మిగిలాయని అవి పోయకండి. డబ్బాలో నిన్నటి నీళ్ళు వుంచకండి.

కరెంటు పోతే ఊపిరాడదేమోనని భయపడతారు. ముఖమంతా కప్పే మాస్కులో గాలి వచ్చే కవాటం ఒకటి వుంటుంది. అయినా మెలకువ రాగానే మాస్కు తీసేయడం మంచిది. ఇంట్లో ఇన్వర్టరు వుంటే దానికి తగిలించుకోండి. కరెంటు లేనప్పుడు తేమ డబ్బా వేడిని ఆపేస్తే బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది.

మరొక్క ముఖ్య విషయం. మాస్కుకు చిన్న చిన్న రంధ్రాలుంటాయి. మనం వదిలిన గాలి బయటికి పోయేది అందులోంచే. ఒక రిటైర్డు మాస్టారు యంత్రం మొదలుపెట్టాక తలనొప్పి ఎక్కువైందని వచ్చారు. మాస్కు తెమ్మని చూస్తే, రంధ్రాలకు అడ్డంగా ప్లాస్టరు అంటించివుంది. "ఆ గాలి మా ఆవిడ ముఖానికి కొడుతోందండీ, పాపం ఆవిడకు జలుబు" అన్నారు. భార్య మీద ప్రేమ మెచ్చుకోదగినదే. కానీ ఆయన వదిలిన చెడుగాలినే ఆయన మళ్ళీ పీల్చుకుంటున్నారు! ప్లాస్టరు పీకేశాక తలనొప్పి పోయింది. మంచాన తలలు అటూ ఇటూ మార్చుకుని ఆవిడ జలుబు సంగతి కూడా చక్కబెట్టుకున్నారు.

కొన్ని ప్రశ్నలు - జవాబులు

పిల్లలు గురక పెడితే?
జలుబు చేసినప్పుడు తప్ప పిల్లలు రోజూ గురక పెట్టడం సహజం కాదు. నోరు తెరుచుకుని నిద్రపోవడం, పక్క తడపడం, బడిలో చదువు వెనకబడడం, అల్లరి ఎక్కువ కావడం వుంటే టాన్సిల్స్, ఎడినాయిడ్స్ చూపించండి. చాలామందికి ఆపరేషన్‌తో నయమవుతుంది.

ముక్కులో చుక్కలు, క్లిప్పులు, గురక ఉంగరాలు పనిచేస్తాయా?
ముక్కు దిబ్బడ వున్నవారికి చుక్కలు కాస్త ఉపశమనం. గొంతు మూసుకుపోవడాన్ని ఇవేవీ ఆపలేవు. గురక శబ్దం తగ్గినంత మాత్రాన జబ్బు తగ్గినట్లు కాదు.

ప్రాణాయామం చేస్తే చాలదా?
చేయండి, మంచిదే. బరువు తగ్గడానికి, మనసు నెమ్మదించడానికి ఉపకరిస్తుంది. తీవ్రమైన జబ్బుకు యంత్రం బదులు మాత్రం కాదు.

జీవితాంతం వాడాలా?
బాగా బరువు తగ్గినవారికి మళ్ళీ పరీక్ష చేసి, అవసరం లేదని తేలితే మానవచ్చు. మీ అంతట మీరు మానకండి.

వేరే ఆపరేషన్ చేయించుకోవలసి వస్తే?
మత్తుమందు ఇచ్చే డాక్టరుకు ఈ జబ్బు సంగతి తప్పక చెప్పండి. యంత్రాన్ని ఆస్పత్రికి వెంట తీసుకువెళ్ళండి.

ఆ డ్రైవరు సంగతి

ఆయన నెల రోజులు లారీ ఎక్కలేదు. ఆ నెల ఇల్లు గడవడానికి భార్య మిరప యార్డులో కాయలు ఏరింది. యంత్రం అద్దెకు తెచ్చుకున్నాడు. మొదటి వారంలో రెండుసార్లు మాస్కు పీకి విసిరికొట్టాడు. ముఖమంతా కప్పే మాస్కు తీసేసి, ముక్కు మాస్కు ఇప్పించాం. మూడో వారానికి నాలుగు గంటలు, తర్వాత అయిదు. లారీ యజమాని జీతంలో కోసుకునేట్లు డబ్బిస్తే యంత్రం కొనుక్కున్నాడు. ఇప్పుడు పగటి ట్రిప్పులే వేస్తున్నాడు. ఆదాయం కాస్త తగ్గింది. ఎనిమిది కిలోల బరువు, ఒక బి.పి. మాత్ర కూడా తగ్గాయి.

మొన్న భార్యాభర్తలిద్దరూ వచ్చారు. "ఇప్పుడెలా వుందమ్మా?" అని ఆమెనే అడిగాను. "యంత్రం సన్నగా గాలి సప్పుడు చేస్తదండీ. అది వినపడతా వుంటే నేనూ నిద్రపోతన్నా" అన్నది. ఆమె చాలా ఏళ్ళు పోగొట్టుకున్న నిద్ర కూడా తిరిగి వచ్చిందన్న మాట.

ఈ రాత్రి మీ ఇంట్లో గురక పెట్టేవారి పక్కన పది నిమిషాలు మేలుకుని కూర్చోండి. గురక హఠాత్తుగా ఆగి, కొన్ని క్షణాల నిశ్శబ్దం తర్వాత ఉక్కిరిబిక్కిరిగా మొదలవుతోందేమో చూడండి. అలా వుంటే రేపే వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్ళండి. ఆయన అడగకపోయినా సరే, ఆ మాట మీరే చెప్పండి.